రెండంటే వదులు

కొర్రమీనుని చూడాలంటే చేపల బజారుకు పోతే చాలు. తొట్టిలో కుక్కిన చేపలు ఒకదాని మీద ఒకటి ఎక్కి నోళ్లు తెరుస్తుంటాయి, కళ్లారా చూసుకోవచ్చు. అలాంటి మామూలు చేప కోసం రబ్బరు సూటు తొడుక్కుని, వీపున సిలిండరు మోసుకుని, పచ్చటి నీళ్లలో దిగే మనుషులుంటారా అని మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. ఉంటారు. వాళ్ల వల్లే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. వాళ్ల సూట్లు ఉతికి, వాళ్ల సిలిండర్లలో గాలి నింపి నా అరచేతులు కాయలు కాశాయి. నవ్వేవాళ్లు ఒక్కరోజు వచ్చి ఆ కంప్రెసరు తిప్పమనండి, తెలుస్తుంది.

చేప మామూలుదే. అది పిల్లల్ని కాచే తీరు మాత్రం మామూలుది కాదు. ఎండాకాలం చివర్లో నాచు మధ్య ఎర్రటి పిల్లలన్నీ ముద్దగా కలిసి తిరుగుతుంటే, వాటి కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. దగ్గరికెళితే మనిషని కూడా చూడవు, వచ్చి మొహం మీద పొడుస్తాయి. ఇంకో సంగతి. నీళ్లలో పుట్టి నీళ్లలో పెరిగినా కొర్రమీనుకి నీళ్లలో ఊపిరి చాలదు. కాసేపటికోసారి పైకొచ్చి గాలి మింగాల్సిందే. వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే, చేప అయ్యుండీ మునిగి చస్తుంది. అది పైకొచ్చి గాలి మింగేటప్పుడు మనిషి గుటక వేసినట్టు చప్పుడవుతుంది. చిన్నప్పట్నుంచీ వింటున్న చప్పుడే. బావ పోయిన మరుసటి వేసవిలో మాత్రం ఆ చప్పుడు వినపడితే మా ఇంట్లో నాన్నా, అక్కా, నేనూ ముగ్గురం ఉలిక్కిపడేవాళ్లం.

మా చెరువులో చేతిదూరం దాటితే ఏమీ కనపడదు. అందుకని దిగిన మనిషి నడుముకి తాడు కట్టి, రెండో కొస నాన్న పట్టుకుంటాడు. పీపాల మీద పలకలు కొట్టిన తెప్ప ఒకటుంది మాకు, దాని మీద కూర్చుంటాడు. ఊళ్లో ఆయన్ని తాడు మేస్త్రి అంటారు. నీళ్ల కిందికీ పైకీ మాటలన్నీ ఆ తాడుతోనే. ఒకసారి లాగితే బాగున్నానని. రెండంటే వదులు, ఇంకా ముందుకెళ్తానని. మూడంటే లాగు, పైకొస్తానని. నాకు ఎక్కాలు రాకముందే ఇవి వచ్చు.

బావ సముద్రం మీద పనిచేసి వచ్చినవాడు. ఓడల అడుగున పట్టిన నాచు గీకే పని. అక్కని చేసుకుని మా ఇంటికొచ్చిన కొత్తలో "ఇది చెరువా, కుడితి తొట్టా?" అని వెక్కిరించేవాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఏడిపించేవాడు. అన్నం దగ్గర కూర్చుంటే చాలు, తనకి ఈత నేర్పిన చుట్ట మాస్టారి కబుర్లు. ఆ మాస్టారు వెలిగించని చుట్ట ఒకటి ఎప్పుడూ నోట్లో పెట్టుకుని, అది తడిసిపోయిందని శిష్యుల్ని తిట్టేవాడట. నేను పగలబడి నవ్వేదాన్ని. అమ్మ పోయాక మా ఇంట్లో అంత నవ్వు అప్పుడే.

ఆ బావ ఒక పొద్దున కొర్రమీను పిల్లలు ఎక్కడ ముద్దగా చేరాయో చూసి రావడానికి ఒంటరిగా దిగాడు. నాన్న తాడు పట్టుకున్నాడు. నేను ఒడ్డున కంప్రెసరు దగ్గరున్నాను. తాడు రెండుసార్లు కదిలింది, నాన్న వదిలాడు. మళ్లీ రెండు. మళ్లీ వదిలాడు. "అల్లుడు ఇవాళ అవతలి ఒడ్డు చూసొచ్చేట్టున్నాడే!" అని నాకేసి తిరిగి నవ్వాడు కూడా. మళ్లీ రెండు. ఇంకా వదిలాడు. ఆ తర్వాత తాడు ఊరుకుంది. నాన్న లాగితే రాలేదు. మునిగిపోయిన పాత చెట్ల మొద్దులున్నాయి అక్కడ. వదిలిన తాడంతా ఆ మొద్దులకీ బావకీ కలిపి చుట్టుకుపోయింది. అక్కే దిగి, కోసి, తీసుకొచ్చింది.

అన్నిసార్లు వదలమని అడిగాడట, సముద్రం మనిషి కదా, చెరువంటే లెక్కలేకపోయింది అన్నారు ఊళ్లో. నాన్నా అదే అన్నాడు, పరామర్శకొచ్చిన ప్రతివాళ్లతోనూ. "వాడే అడిగాడండీ. రెండు లాగాడు. నేను వదిలాను."

అక్కకి ఆ మాట వేరేగా వినపడింది. ఆ పొద్దున వాళ్లిద్దరూ గొడవపడ్డారు. బావ మళ్లీ హార్బరుకి వెళ్లిపోదామన్నాడు, అక్క నాన్నని వదిలి రానంది. "ఎంత దూరం పోతావో పో, నేనాపను" అంది ఆఖరికి. వంటింట్లోంచి నేను విన్నాను. బావ తిరిగి ఏమీ అనకుండా సూటు తగిలించుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి నీళ్ల కింద నుంచి వదులు, వదులు, ఇంకా వదులు అన్నాడు. కర్మకాండలన్నీ అయ్యాక అక్క నాతో ఒక్కసారే అంది, "పొమ్మన్నాను. పోయాడు." మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

వేసవి తిరిగొచ్చింది. చేపల్ని చూసేవాళ్లూ వచ్చారు. వాళ్లని కిందికి తీసుకెళ్లడానికి ఇంట్లో సిలిండరుతో దిగడం తెలిసినది అక్క ఒక్కతే. నాన్న వద్దన్నాడు. నేను కాళ్లావేళ్లా పడ్డాను. అక్క వినలేదు. సరే, తన సూటు వేసుకుంటుందనుకున్నాం. కొయ్యకు వేలాడుతున్న బావ సూటు తీసి తొడుక్కుంది. చేతులు మడిచింది, నడుము దగ్గర బెల్టు బిగించింది. వెనక నుంచి చూస్తే నాకే ఒళ్లు జలదరించింది, ఇక నాన్న సంగతి చెప్పాలా. తాడు ముడి వేయబోతే ఆయన వేళ్లు ఆడలేదు.

"నేను వేసుకుంటాలే నాన్నా," అని అక్క తనే ముడి వేసుకుని దిగింది.

తెప్ప మీద నాన్న పక్కన కూర్చున్నాను. ఒకటి వచ్చింది. ఆ తర్వాత రెండు. నాన్న జానెడు వదిలాడు.

"మళ్లీ రెండు," అన్నాడు నాకేసి చూడకుండా.

"వదులు మరి."

"వదుల్తున్నా కదే!"

అప్పుడే మా వెనకాల ఏదో గుటక వేసింది. నాన్న అదిరిపడి తిరిగి చూశాడు, తాడు చేతిలోంచి జారబోయింది. నాచులో ఓ నల్లటి మూతి కనపడి మాయమైంది. "చేప నాన్నా, చేప," అన్నాను. "తెలుసులేవే," అన్నాడు. ఆయన బనీను చెమటతో వీపుకి అంటుకుపోయింది.

ఆ వేసవంతా అంతే. తిండి దగ్గర కూర్చున్న నాన్న ఎడమచెయ్యి ఉన్నట్టుండి బిగుసుకునేది. ఏంటి నాన్నా అంటే "ఏం లేదు, లాగినట్టుంటేనూ," అనేవాడు. చేతిలో మంచినీళ్ల గ్లాసు తప్ప ఏమీ ఉండేది కాదు. అక్కేమో కుళాయి విప్పి బకెట్టు పొర్లిపోతున్నా చూస్తూ నిలబడేది. వచ్చినవాళ్లు పైకొచ్చాక కూడా తను వెంటనే వచ్చేది కాదు. రెండు లాగేది, ఇంకా దూరం వెళ్లేది, మొద్దుల వైపు. నాకున్న భయం ఒక్కటే. ఏదో ఒక రోజు ఆ తాడు ఖాళీగా వస్తుంది. ఆ భయంతోనే అందరి మీదా అరుస్తూ తిరిగేదాన్ని.

అలాంటి రోజుల్లోనే పంతులమ్మ వచ్చింది. ఉద్యోగం నుంచి దిగిపోయిన మనిషి, జుట్టంతా నెరిసింది, చురుకు మాత్రం తగ్గలేదు. తన సూటు, తన మాస్కు తనే తెచ్చుకుంది.

"బతుకంతా నల్లబల్ల మీద చేప బొమ్మ గీసి, చేప మొప్పలతో ఊపిరి పీల్చును అని చెప్పానమ్మాయ్. మొప్పలు చాలని చేప ఒకటుందని మొన్న తెలిసింది. దాని దగ్గరికెళ్లి మొహం చూపించుకోవద్దూ?"

ఆ రోజు అక్కకి జ్వరం. నాన్న కంప్రెసరు బెల్టు తెగితే కొత్తది తేవడానికి బజారుకెళ్లాడు. రేపు రండి అన్నాను. ఆవిడ వింటేనా! ఒడ్డు పక్కనే, నిలువెత్తు నీళ్లేగా అంది. తాడు సంగతులు చెప్పబోయాను. "నువ్వు పుట్టకముందే నేర్చుకున్నానే, నాకు చెబుతున్నావా?" అని నోరు మూయించింది. పంతులమ్మలతో వచ్చిన చిక్కే ఇది. సరేనని ఒడ్డునే ఉన్న తెప్ప ఎక్కి తాడు కట్టాను.

ఒకటి లాగింది. బాగానే ఉందనుకున్నాను. కాసేపటికి రెండు. వదిలాను. మళ్లీ రెండు, ఈసారి గట్టిగా. ముసలమ్మకి హుషారెక్కువైంది అనుకుని ఇంకా వదిలాను. వెంటవెంటనే మళ్లీ రెండు. ఇంకా వదిలేలోపు నాచులోంచి భళ్లున తల లేచింది. మెడకీ భుజానికీ తాడు, జుట్టు నిండా నాచు, చేతిలో చిన్న చాకు. నోటిగొట్టం ఊడదీసి నా మీద పడింది.

"కాళ్లకి తాడు చుట్టుకుంది, లాగవే అంటుంటే ఇంకా ఇంకా వదుల్తావేంటి? చంపుదామనా?"

"మీరేగా వదలమన్నారు! రెండు లాగారు!"

"రెండంటే లాగడం కాదూ?"

"రెండంటే వదులు. మూడంటే లాగు."

"ఎవడు చెప్పాడు నీకు? ఒకటి బాగు, రెండు లాగు, మూడు ఆగు. నిద్రలో లేపి అడిగినా చెబుతా. మా మాస్టారు పాటలా పాడించి మరీ నేర్పాడు. తప్పితే వీపు మీద ఒకటిచ్చేవాడు."

"ఏ మాస్టారు?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలీదు.

"హార్బరు దగ్గర ఉండేవాడులే. నీకెలా తెలుస్తాడు? నోట్లో ఎప్పుడూ ఓ వెలిగించని చుట్ట..."

పలకల మీద కూలబడ్డాను. ఆవిడ ఇంకా ఏదో తిడుతూనే ఉంది, నాకు వినపడలేదు. బావ ఇంటికొచ్చిన కొత్తలో నాన్న తాడు లెక్క చెప్పడం నాకు బాగా గుర్తుంది. బావ తలూపాడు. రోజూ దిగేవాడు, ఒకటి లాగేవాడు, ఎప్పుడైనా రెండు లాగి ముందుకెళ్లేవాడు. తెలిసినవాడే. తెలిసి ఎందుకలా చేశాడు?

పంతులమ్మ నా మొహం చూసి మెత్తబడింది. పక్కన కూర్చుని ఏమైందంది. బావ సంగతి చెప్పాను. ఆవిడ మెడకున్న తాడు విప్పుకుంటూ వింది.

"చుట్టుకుపోయినప్పుడు ఆలోచించే టైముండదమ్మా. ఎన్ని భాషలు నేర్చినవాడైనా దెబ్బ తగిలితే అమ్మా అనే అరుస్తాడు," అంది చివరికి. "ఇప్పుడు నేను లాగలేదూ? నువ్వు మొదటే చెప్పి ఉన్నా, ఆ క్షణంలో నా చెయ్యి అదే చేసేది."

"మీరు చేపని చూశారా?" అనడిగాను. ఏదో ఒకటి అడగాలి కదా.

"చూశాను. ముక్కు మీద పొడిచింది." ముక్కు తడుముకుని, సామాను సర్దుకుని వెళ్లిపోయింది.

నా పరిస్థితి ఎవరికీ రాకూడదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. బావ వెళ్లిపోవాలనుకోలేదు, ఇంటికి రావాలనుకున్నాడు, లాగండి లాగండి అని మూడుసార్లు అడిగాడు. ఇది చెబితే అక్క బతుకుతుంది. ఆ లాగమన్నవాడిని వదిలింది నాన్న చేతులు. నవ్వుతూ వదిలాయి. ఇది తెలిస్తే నాన్న బతకడు. ఒకరి ప్రాణం నిలబెట్టే మాట ఇంకొకరి ప్రాణం తీసేదైతే ఏం చెయ్యాలి? నువ్వుగింజ నానని నా నోరు కుట్టేసినట్టయింది. చెరువు గట్టు మీద కూర్చుని కసితీరా ఏడ్చాను. బావని కూడా తిట్టుకున్నాను. మాస్టారి కబుర్లన్నీ చెప్పేవాడివి, ఆ ఒక్క పాటా మా దగ్గర పాడితే నీ సొమ్మేం పోయేదయ్యా?

జ్వరం తగ్గిన మర్నాడే అక్క దిగింది. చేపల్ని చూసిన ఇద్దరు కుర్రాళ్లని పైకి పంపి, తను మళ్లీ లోపలికెళ్లింది. రెండు లాగింది. నాన్న వదిలాడు. ఎంతసేపటికీ మళ్లీ తాడు కదల్లేదు. నాన్న ఒకసారి లాగి చూశాడు, బాగున్నావా అని. జవాబు లేదు. రెండు చేతులా లాగాడు, బిగుసుకుపోయింది. నేను సూటూ లేదు గీటూ లేదు, బట్టలతోనే దూకేశాను. అంతలో అక్క తెప్పకి అవతలి వైపు తేలింది. నడుముకి తాడు లేదు. విప్పి ఓ మొద్దుకి కట్టి వచ్చింది.

"ఎందుకు విప్పావు?" అని నాన్న అరిచాడు. ఆయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

"అడ్డొచ్చింది," అంది అక్క.

అంతే. ఇక నా వల్ల కాలేదు. ఆ సాయంత్రం షెడ్డులో సూట్లు ఉతుకుతుంటే అక్కకి చెప్పేశాను. పంతులమ్మ, తాడు, చుట్ట మాస్టారు, ఒకటి బాగు రెండు లాగు, అన్నీ. అక్క బావ సూటు చేతిని పిండుతూ వింది. పిండటం ఆపలేదు, నీళ్లన్నీ పోయినా ఆపలేదు.

"లాగమన్నాడా?" అంది.

"లాగమన్నాడే. మూడుసార్లు."

"పోతానని కాదా?"

"కాదక్కా. వస్తానని."

అక్క నేల మీద కూర్చుండిపోయింది. ఏడాది నుంచీ కంటతడి పెట్టని మనిషి ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది. "వస్తానన్నాడే... నేను పొమ్మన్నా వస్తానన్నాడే..." అని అదే మాట. వినలేక చెవులు మూసుకోవాలనిపించింది, కానీ ప్రాణం తేలికపడింది నాకు. ఇక తాడు విప్పదు అనుకున్నాను. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని నాకేసి చూసింది.

"ఆ రోజు నాన్న నవ్వాడన్నావు కదూ?"

నేను ఇంకో సూటు తీసి బకెట్టులో ముంచాను.

"నాన్నకి చెప్పకు," అంది. చెప్పొద్దన్న తీరులో జాలి ఉందో కోపముందో నాకు తెలియలేదు. మర్నాడు తెలిసింది.

మర్నాడు తెప్ప దగ్గర సూటు తొడుక్కుంటూ, నాన్న అక్కడే ఉండగా నాతో అంది, "తాడు నువ్వు పట్టుకో. నాన్న పట్టుకుంటే నేను దిగను."

నాన్న చేతిలో ఉన్న తాడు చుట్ట నాకిచ్చి, ఒడ్డుకెళ్లి కూర్చున్నాడు. నిన్న భయపడ్డాడు కదా, వయసైంది, అందుకని అనుకుంటాడులే అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. కానీ తాడు మేస్త్రి అని ఊరికే అంటారా? ఆ తాడు మీద ప్రతి పోగూ ఆయనకి తెలుసు. సాయంత్రం దాన్ని ఆరబెడుతూ నన్ను పిలిచాడు.

"ఇక్కడ చాకు పడింది. ఎప్పుడు?"

"పంతులమ్మ కోసింది. కాళ్లకి చుట్టుకుంటేనూ."

"నిలువెత్తు నీళ్లలో ఎలా చుట్టుకుంది?"

"వదులెక్కువైంది."

"అంత ఎందుకు వదిలావు?"

నీళ్లు నమిలాను. "అడిగింది నాన్నా," అన్నాను.

"రెండు లాగిందా?"

"ఊఁ."

"ఆవిడ కూడా సముద్రం మీద నేర్చుకున్నదేనా?"

నేను తలెత్తలేదు. నాన్న ఆరిపోయిన తాడుని చాలాసేపు చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు.

ఆ తర్వాతి మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. నాన్న ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళ్లి, మళ్లీ కంచంలో పెట్టాడు.

"వాడు లాగమన్నాడు కదమ్మా," అన్నాడు.

అక్క చెయ్యి ఆగింది.

"అల్లుడు. లాగమన్నాడు. నేను వదిలాను. నవ్వాను కూడా. నీ మాటకి పోలేదమ్మా వాడు, నా చేతికి పోయాడు. నువ్వు నీ మీద వేసుకోకు."

"తెలుసు," అంది అక్క. లేచి చెయ్యి కడుక్కుని, షెడ్డులోకి వెళ్లి తలుపేసుకుంది.

నాన్న చెయ్యి కంచంలోనే ఎండిపోయింది. "నీకూ తెలుసా?" అన్నాడు నాతో. నేను తలూపాను. "నీ నోట్లో నువ్వుగింజ నానిందే మొత్తానికి," అన్నాడు. అది వేళాకోళంగా అందామనుకున్నట్టున్నాడు, కుదరలేదు. నేను వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను.

ఆ తర్వాత మా ఇల్లు ఇల్లులా లేదు. అక్క నాన్నతో మాట్లాడేది కాదు. అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, బట్టలు మడతపెట్టేది, నోరు మాత్రం విప్పేది కాదు. కోప్పడితే బాగుండుననిపించేది. నాన్న తెప్ప ఎక్కడం మానేశాడు. గట్టు మీద కూర్చుని చెరువుకేసి చూసేవాడు. నాచులో గుటక వినపడితే లేచి నిలబడేవాడు. ఒకరోజు దగ్గరికెళితే చిన్నగా లెక్కపెడుతున్నాడు, "రెండు... మళ్లీ రెండు..." అని. ఆయన కళ్లు నీళ్ల మీదే ఉన్నాయి. నేను పక్కన నిలబడ్డ సంగతి కూడా తెలియలేదు. అక్కని కాపాడుకుందామని నోరు విప్పాను, నాన్నని పోగొట్టుకుంటున్నానా అని గుండెలు బాదుకున్నాను.

"నాన్న ఎలా ఐపోతున్నాడో చూడవే," అన్నాను అక్కతో.

"చూస్తున్నా."

"మరి?"

"మరేంటి? నా వల్ల కావట్లేదు. ఆ చేతులు చూస్తే నాకు..." ఆగిపోయింది. "నాన్న కదా. అందుకే ఇంకా కావట్లేదు."

అంతకన్నా ఏం అడగను?

తొలి వాన పడింది. చూసేవాళ్లు రావడం తగ్గింది. కొర్రమీను పిల్లలు నల్లబడ్డాయి. నల్లబడ్డాయంటే వాటి దారి అవి చూసుకుంటాయి, పెద్దవి కాపలా మానేస్తాయి. ముసురు పట్టిన ఓ పొద్దున నాన్న చెట్టు కింద కూర్చుని ఉంటే అక్క బావ సూటు తొడుక్కుని వచ్చింది. చేతిలో తాడు.

"మొద్దుల దగ్గర ఓ గుంపు ఇంకా చెదరలేదు. చూసొస్తాను," అంది. నాతో అందనుకున్నాను. తాడు కోసం చెయ్యి చాపాను. అక్క నన్ను దాటుకుని వెళ్లి నాన్న ముందు నిలబడింది.

"పట్టుకో."

నాన్న చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నా చేతులొద్దమ్మా. చెల్లి పట్టుకుంటుంది."

"నాకున్న నాన్నకి ఉన్న చేతులివే కదా," అంది అక్క. ఆ మాట ప్రేమగా అనలేదు, విసుగ్గానే అంది. "లే. వాన పెద్దదవుతుంది."

నాన్న లేచాడు. తెప్ప ఎక్కాం. అక్క ముడి వేసుకోలేదు. చేతులెత్తి నిలబడింది. నాన్నే కట్టాడు, కట్టి రెండుసార్లు లాగి చూసుకున్నాడు. అక్క దిగిపోయింది. నీళ్ల మీద చినుకులు పడుతున్నాయి, బుడగలేవో చినుకులేవో తెలియడం లేదు. ఒకటి వచ్చింది. బాగుంది. నాన్న పెదాలు కదుపుతూ కూర్చున్నాడు. తాడు మొద్దుల వైపుకి మెల్లగా సాగింది, ఆగింది. నాకు కాలం కదలడం లేదు.

ఉన్నట్టుండి నాన్న లేచి నిలబడ్డాడు.

"రెండు," అన్నాడు.

నేను తాడునే చూస్తున్నాను. నాకేమీ కదిలినట్టనిపించలేదు. "వదులు నాన్నా, ముందుకెళ్తుందేమో," అన్నాను.

ఆయన వినలేదు. లాగడం మొదలుపెట్టాడు. కాళ్లు పలకలకి తన్నిపెట్టి, ఒళ్లంతా వెనక్కి వాల్చి, చెయ్యి మీద చెయ్యి వేసి లాగాడు. తడి తాడు అరచేతులు కోసుకుపోతున్నా ఆపలేదు. "వస్తున్నావు, వస్తున్నావు, ఐపోయింది, వచ్చేశావు," అని గొణుగుతున్నాడు. ఆ మాటలు అక్కతో కాదని నాకు తెలుసు. భయమేసి ఆయన నడుము పట్టుకున్నాను.

అక్క తెప్ప పక్కన తేలింది. పలక పట్టుకుని, నోటిగొట్టం ఊడదీసింది.

"ఏమైంది? ఎందుకు లాగావు?"

"నువ్వే లాగావు కదమ్మా. రెండు."

"నేను లాగలేదు నాన్నా. ఆ పిల్లల దగ్గర కదలకుండా కూర్చున్నాను. చెయ్యి కూడా తాడు మీద లేదు."

ముగ్గురం తాడుకేసి చూశాం. "పెద్ద చేప వచ్చి తాడుకి కొట్టుకునుంటుంది," అన్నాను నేను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

"రెండే," అన్నాడు నాన్న. "నాకు తెలీదా? రెండే. గట్టిగా."

అక్క ఆయన అరచేతులకేసి చూసింది. తోలు లేచి నెత్తురు కారుతోంది. తల తిప్పి మొద్దుల వైపు చూసింది. అక్కడ నీళ్ల మీద వాన తప్ప ఏమీ లేదు.

"రెండుకి లాగావా నాన్నా?" అంది.

నాన్న తలూపాడు.

అక్క మొహం మీద కారేది వానో ఏడుపో నాకు తెలియలేదు. చెయ్యి పైకి చాపింది.

"చెయ్యియ్యి నాన్నా, పైకొస్తాను."